తాడు లాగితే ఎయిర్ ఫిల్టర్‌లోంచి పెట్రోల్ కారుతోందా? మూలన పడిన స్ప్రేయర్ ఇంజిన్‌కు ఏం చేయాలి

మీరు అడిగినదాని సారం ఇదీ. బంగారుపాళ్యం పక్కన మామిడి తోపు. పూతకు మందు కొట్టే హెచ్‌టీపీ స్ప్రేయర్ (ఒత్తిడితో మందు చిమ్మే పంపు), దానికి హోండా జీఎక్స్160 తరహా పెట్రోల్ ఇంజిన్. పోయిన ఫిబ్రవరిలో పిందె పడ్డాక చివరి మందు కొట్టి, ట్యాంకులో సగం పెట్రోల్ ఉండగానే కొట్టంలో పెట్టేశారు. ఇప్పుడు పూత మొదలైంది, తేనెమంచు పురుగు కనబడుతోంది, ఇంజిన్ మాత్రం లేవదు. పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే కుళాయి) తెరిస్తే చాలు ఎయిర్ ఫిల్టర్ కిందనుంచి కారుతోంది. నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్ విప్పితే తడిసి ముద్దగా ఉంది. మెకానిక్ చూసి, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బొరేటరే మార్చాలన్నాడు. మార్చాలా?

ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒక్క చోటికే వేలు చూపిస్తున్నాయి. కార్బొరేటర్ లోపల పెట్రోల్‌ను ఆపే సూదిలాంటి ఫ్లోట్ నీడిల్ మూసుకోవడం లేదు. అది ఎందుకు మూసుకోవడం లేదో కనిపెడితే పాత కార్బొరేటరే మళ్లీ పనిచేస్తుంది. కనిపెట్టకుండా కొత్తది వేస్తే, ట్యాంకులో ఉన్న అదే చెత్త వారం తిరక్కముందే కొత్త నీడిల్ కిందికీ చేరుతుంది.

అన్నిటికంటే ముందు, తాడు లాగడం ఆపండి. కాక్ మూసి, ఇంజిన్‌ను చదునైన చోట పెట్టి, ఆయిల్ మూత విప్పి చూడండి. ఆయిల్ మూతి దాకా వచ్చి పొంగుతోందా? వేలికి తీసుకుంటే నీళ్లలా జారిపోతోందా? ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన కొడుతోందా? అయితే నీడిల్ దాటిన పెట్రోల్ బయటికి కారడమే కాదు, ఇన్‌టేక్ వాల్వు గుండా సిలిండర్‌లోకి పోయి, అక్కడ పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలిసింది. ఈ ఇంజిన్లలో ఆయిల్ పంపు ఉండదు, కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న చెంచా ఆయిల్‌ను చిమ్ముతుంది. రాడ్ అల్యూమినియంది, మధ్యలో బేరింగ్ లేకుండా నేరుగా క్రాంక్ (ఇంజిన్ తిరిగే ఇరుసు) మీదే తిరుగుతుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో పది నిమిషాలు లోడుమీద నడిపినా రాడ్ క్రాంక్‌ను పట్టేసుకోవచ్చు. కార్బొరేటర్ సమస్య చిన్న ఖర్చుతో పోయేది, ఇది పోదు.

తాడు సగం దూరం వచ్చి గోడకు తగిలినట్టు ఆగిపోతుంటే ఇంకా జాగ్రత్త. పిస్టన్ పైన పెట్రోల్ నిండి ఉంది. ద్రవం గాలిలాగా నలగదు, కాలు తన్నిపెట్టి బలంగా లాగితే వంగేది రాడ్డే. ప్లగ్ విప్పిన తర్వాతే తాడు ముట్టుకోవాలి.

ఇక ఎందుకిలా అవుతుందో చూద్దాం. కార్బొరేటర్ అడుగున గిన్నె ఉంటుంది, దాంట్లో ప్లాస్టిక్ ఫ్లోట్ తేలుతుంది. పెట్రోల్ నిండేకొద్దీ ఫ్లోట్ లేచి, తన మీద వేలాడుతున్న నీడిల్‌ను పైనున్న సీటు రంధ్రంలోకి నొక్కి దారి మూస్తుంది. నీడిల్ మొన నల్లటి రబ్బరు. అది సీటును తాకే చోటు వెంట్రుక మందం వలయం, అంతే. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోల్‌ను ఆపేది ఆ వలయం ఒక్కటే. ఇంత సన్నని చోట ఇసుక రేణువు సగమంత చెత్త కూర్చున్నా, ఎండిన పెట్రోల్ పొర అంటుకున్నా కాక్ తెరిచి ఉన్నంతసేపు ధార ఆగదు. గిన్నె నిండి, నాజిల్ (పెట్రోల్ పైకి చిమ్మే గొట్టం) గుండా పైకెక్కి, కొంత ఎయిర్ ఫిల్టర్ వైపు, కొంత ఇంజిన్ వైపు పారుతుంది.

నిల్వ ఉన్న పెట్రోల్ నెల దాటితే చాలు, చెడడం మొదలవుతుంది. తేలిక భాగం ఆవిరై, మిగిలింది చిక్కబడి, వార్నిష్‌లాంటి జిగురవుతుంది. మన ఎండలు తెలిసినవే, ఏప్రిల్, మే నెలల్లో రేకుల కొట్టం లోపల ఇంజిన్ ముట్టుకుంటే కాలుతుంది. గిన్నెలో ఉండేది కొద్దిపాటి పెట్రోలే కాబట్టి అది ముందే ఎండుతుంది. అప్పుడు ఫ్లోట్ కిందికి దిగి నీడిల్ తెరుచుకుంటుంది, కాక్ మూయకపోతే ట్యాంకు నుంచి ఇంకాస్త దిగి అదీ ఎండుతుంది. ఇలా పొరమీద పొర. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే లీటరులో 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అక్టోబరు, నవంబరు ముసురులో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చేరే తేమ తక్కువేం కాదు. పీల్చుకున్న నీరు హద్దు దాటితే ఇథనాల్‌తో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి చేరుతుంది. గిన్నె అడుగున తెల్లటి సున్నంలాంటి పొడి కనబడితే అది ఆ నీళ్లు లోహాన్ని తిన్న గుర్తు. ఈ రకం పాత ఇంజిన్ల మాన్యువళ్లలో ఇథనాల్ 10 శాతం మించొద్దనే ఉంటుంది. అట్లని వాడకుండా ఉండలేం, నిల్వ పెట్టకుండా ఉండగలం.

ఇంకో కారణం చాలామంది పట్టించుకోరు. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని దారి ఉంటుంది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు అలాంటి సందులంటే ఇష్టం, మందు పొడి కూడా అక్కడే గడ్డకడుతుంది. ఆ దారి మూసుకుంటే నడిచేటప్పుడు ఇంజిన్‌కు పెట్రోల్ అందక ఆగిపోతుందని అందరికీ తెలుసు. నిలిపి ఎండలో పెట్టినప్పుడు మాత్రం దానికి తిరగబడుతుంది. ట్యాంకులో ఆవిరి ఒత్తిడి పెరిగి, బాగున్న నీడిల్‌ను కూడా కిందికి తోసి పెట్రోల్ దిగుతుంది. మధ్యాహ్నం మాత్రమే కారి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కారకపోతే ముందు మూత తీసి చూడండి. తీసేటప్పుడు బుస్సుమంటే దొంగ దొరికినట్టే.

ప్లగ్ తడిసిందల్లా నీడిల్ తప్పు కాదని కూడా ఇక్కడే చెప్పాలి. చోక్ (గాలిని తగ్గించే మీట) మూసి పది పదిహేను సార్లు లాగితే ఏ ఇంజిన్ అయినా తడుస్తుంది. నిప్పురవ్వ బలహీనంగా ఉంటే కాలని పెట్రోల్ మిగిలి ప్లగ్ తడుస్తుంది. ఆయిల్‌లో నానిన ఎయిర్ ఫిల్టర్ స్పంజి చోక్ మూసినట్టే పనిచేస్తుంది. తేడా తేల్చడం తేలిక. చోక్ తెరిచి, తాడు ముట్టుకోకుండా, కాక్ మాత్రం తెరిచి ఐదు నిమిషాలు చూడండి. ఇంజిన్ తిరగకుండానే పెట్రోల్ కారితే నీడిలే. కారకపోతే చోక్, ప్లగ్, ఫిల్టర్ వైపు వెతకండి. మీ ఇంజిన్ కాక్ తెరవగానే కారుతోందన్నారు కాబట్టి ఈ అనుమానం మీకు లేదు.

ముందు సిలిండర్ ఖాళీ చేయాలి. కాక్ మూసి, స్విచ్ ఆఫ్‌లో పెట్టి, 21 నంబరు ప్లగ్ పానాతో ప్లగ్ విప్పండి. ప్లగ్ తొడుగును రంధ్రానికి దూరంగా వెనక్కి తిప్పి పెట్టండి. రంధ్రంలోంచి పెట్రోల్ తుంపర బయటికి చిమ్ముతుంది, అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. కొట్టంలో కాదు, ఆరుబయట, బీడీ, పొయ్యి, వెల్డింగు ఏదీ దగ్గర లేనిచోట చేయండి. రంధ్రం మీద గుడ్డ వదులుగా కప్పి, చోక్, థ్రాటిల్ (వేగం పెంచే మీట) రెండూ పూర్తిగా తెరిచి, తాడు నిదానంగా ఎనిమిది పది సార్లు లాగండి. గుడ్డ తడవడం ఆగాక పదిహేను నిమిషాలు ఆరనివ్వండి.

ఆ ప్లగ్‌ను గ్యాస్ స్టవ్ మంటలో కాల్చి వాడేవాళ్లున్నారు. పింగాణీ పగులుతుంది, వద్దు. పెట్రోల్‌లో బాగా నానిన ప్లగ్ బయట పట్టుకుంటే రవ్వ ఇస్తుంది, సిలిండర్ ఒత్తిడిలో మాత్రం ఇవ్వదు. అలా సగం రోజు తిప్పలు పెడుతుంది. ఈ ఇంజిన్‌కు బీపీఆర్6ఈఎస్ రకం కొత్త ప్లగ్ తెచ్చుకోండి, రవ్వ పుట్టే కొసల మధ్య సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. చేత్తో ఆనేదాకా తిప్పి, కొత్తదైతే పానాతో అర చుట్టు, పాతదైతే పావు చుట్టు లోపే బిగించాలి.

కార్బొరేటర్ విప్పే ముందు రెండు నిమిషాల పని ఒకటి చేసి చూడండి. గిన్నె పక్కన ఏటవాలుగా ఒక చిన్న బోల్టు ఉంటుంది, 10 నంబరు పానా పడుతుంది. అది పెట్రోల్ వదిలేసే బోల్టు. కింద గాజు సీసా పెట్టి, బోల్టు విప్పి, కాక్ తెరిచి పది సెకన్లు పారనివ్వండి. గిన్నె ఖాళీ కావడంతో ఫ్లోట్ పూర్తిగా దిగుతుంది, నీడిల్ పూర్తిగా తెరుచుకుంటుంది, ఆ పారుడుకు సీటు మీదున్న చెత్త కొట్టుకుపోయే అవకాశముంది. పారుతుండగానే స్క్రూడ్రైవర్ చెక్క పిడితో గిన్నె పక్కన నాలుగైదు సార్లు మెల్లగా తట్టండి. బోల్టు బిగించి మళ్లీ ఐదు నిమిషాలు చూడండి. ఆగిందా, బాగుంది. ఆగకపోయినా ఆ సీసా పారేయకండి, దాన్ని వెలుతురుకు పట్టుకుని చూడండి. తేటగా ఉండాల్సిన పెట్రోల్ టీ డికాక్షన్ రంగుకు తిరిగి, పెయింట్ వాసన కొడితే జిగురు కేసు. అడుగున మసక పొర విడిగా కదులుతుంటే నీళ్లు. గోధుమరంగు పొడి దిగితే ట్యాంకు తుప్పు. లోపల ఏం ఎదురవుతుందో ఈ సీసా ముందే చెబుతుంది. ఇంత పాత పెట్రోల్‌తో మాత్రం ఇంజిన్ లేపాలని చూడకండి, ట్యాంకు మొత్తం దించేయండి. కాలువలోనో బావి గట్టునో పోయకుండా మూత ఉన్న డబ్బాలో విడిగా పెట్టండి.

అయినా కారుతుంటే విప్పాల్సిందే. ఎయిర్ ఫిల్టర్ తీశాక కార్బొరేటర్‌ను పట్టుకున్నవి రెండు నట్లు, అవీ 10 నంబరే. నట్లు తీసే ముందు గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచేది) కడ్డీ ఏ రంధ్రంలో ఉందో, దానిమీది సన్నటి స్ప్రింగు ఎటు తగిలించి ఉందో ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసుకోండి. ఆ స్ప్రింగు రంధ్రం మారితే ఇంజిన్ ఉయ్యాలలా ఊగుతూ నడుస్తుంది, తప్పు మాత్రం కార్బొరేటర్ మీదికి పోతుంది. గ్యాస్కెట్లు వచ్చిన వరసలోనే ఒక పాత పేపరు మీద పరచండి.

గిన్నె అడుగున ఒకే బోల్టు. గిన్నె ఊడాక రబ్బరు రింగు పోగొట్టకండి, అది ఉబ్బి సాగిపోయి ఉంటే గాడిలో తిరిగి కూర్చోదు, కొత్తది వేయాలి. ఫ్లోట్ ఇరుసు సన్నని పిన్ను, వేళ్లతో లాగితే రావాలి. రాకపోతే జిగురు పట్టిందని అర్థం, సుత్తితో కొడితే పిన్నును పట్టుకున్న కార్బొరేటర్ చెవులు విరుగుతాయి. కార్బొరేటర్ క్లీనర్ చల్లి పది నిమిషాలు ఆగండి. పిన్ను వచ్చాక ఫ్లోట్‌ను నిదానంగా పైకెత్తితే నీడిల్ దానితోపాటే వేలాడుతూ వస్తుంది. నీడిల్ వెనక కొసన స్ప్రింగు మీద కూర్చున్న చిన్న పిన్నును వేలితో నొక్కితే లోపలికి పోయి తిరిగి రావాలి.

ఇక్కడ తొందరపడొద్దు, అసలు పని ఇక్కడే ఉంది. నీడిల్ మొనను ఎండలో తిప్పుతూ చూడండి. నల్లటి రబ్బరు నునుపుగా ఉంటే తుడిచి వాడొచ్చు. చుట్టూ గీత పడి ఉంటే, గోరు ఆనిస్తే తట్టేంత గాడి ఉంటే, దాని ఆయుష్షు తీరింది. గట్టిపడి మెరుస్తున్నా అంతే. కొత్త నీడిల్ కొనేటప్పుడు పాతదాన్ని జేబులో వేసుకుని పోయి, అంగట్లో రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి పొడవు చూడండి. ఒకేలా కనిపించే డూప్లికేట్లలో పొడవు అర మిల్లీమీటరు తేడా ఉన్నా పెట్రోల్ మట్టం మారిపోతుంది.

సీటు ఈ కార్బొరేటర్లలో విడిగా రాదు, బాడీలోనే దిగగొట్టి ఉంటుంది. అందుకే చాలామంది నీడిల్ మార్చి సీటును వదిలేస్తారు, మరునాడే మళ్లీ కారుతుంది. టార్చ్ వేసి రంధ్రంలోకి చూడండి. ఇత్తడి మెరుపు బదులు గోధుమరంగు లక్కలాంటి పొర కనబడుతుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లను క్లీనర్‌లో ముంచి లోపల తిప్పండి, దూది నల్లబడటం ఆగేదాకా పుల్లలు మారుస్తూనే ఉండండి. ఆరేడు పుల్లలు పడితే ఆశ్చర్యపోకండి. తర్వాత కొత్త పుల్లకు పప్పుగింజంత తెల్ల టూత్‌పేస్టు అంటించి, రెండు వేళ్ల మధ్య ముప్పై నలభై చుట్లు నేరుగా తిప్పండి. పుల్ల వాలకూడదు. రంగు గింజలుండే పేస్టూ, జెల్లూ, ఎమెరీ కాగితమూ వద్దు, సీటుకు గీత పడితే ఇక కార్బొరేటర్ మార్చడమే. పేస్టు పెట్రోల్‌లో కరగదు, నీళ్లతో కడిగేసి బాగా ఆరబెట్టాలి, తడిసిన పేస్టు ఆరితే అదే కొత్త చెత్తవుతుంది.

ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల తొణుకు వినబడితే చిల్లి పడి పెట్రోల్ తాగింది, మునిగే ఫ్లోట్ నీడిల్‌ను నొక్కలేదు. ఎపాక్సీతో అతికించొచ్చని చెబుతారు కానీ అతుకు బరువు ఫ్లోట్ లేచే ఎత్తునే మార్చేస్తుంది, కొత్తదే వేయండి. తిరిగి బిగించాక ఎత్తు కొలవాలి. కార్బొరేటర్‌ను ఏటవాలుగా పట్టుకుని, ఫ్లోట్ నాలుక నీడిల్ స్ప్రింగును నొక్కకుండా కేవలం ఆనేలా చూసి, బాడీ అంచు నుంచి ఫ్లోట్ పై అంచుకు కొలవండి. జీఎక్స్160కు అది 13.7 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ ఫ్లోట్ నాలుకను వంచి సరిచేయడం కుదరదు, లెక్క తప్పితే ఫ్లోటు, నీడిలు కలిపి మార్చాలి. ఇత్తడి నాలుక ఉన్న రకాల్లోనే మెల్లగా వంచుకోవచ్చు.

కార్బొరేటర్ ఎలాగూ విప్పారు కాబట్టి జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) కూడా విప్పి కడిగేయండి, మీ జబ్బు అక్కడ లేకపోయినా రేపటి జబ్బు అక్కడే. మెయిన్ జెట్‌కు సరిగ్గా పట్టే వెడల్పున్న స్క్రూడ్రైవరే వాడాలి, ఇత్తడి గాడి చాలా మెత్తన. జెట్ వెనకాల ఉన్న నాజిల్ గొట్టాన్ని అరచేతిలో తట్టితే పడుతుంది, దాని పక్కనున్న అడ్డ రంధ్రాలన్నీ వెలుతురులో కనబడాలి. పొడవడానికి కరెంటు వైరులోని రాగి పోగు ఒక్కటి చాలు. స్టవ్ పిన్ను, కుట్టు సూది పెడితే రంధ్రం పెద్దదై ఇంజిన్ జీవితాంతం నల్ల పొగే వదులుతుంది. థిన్నర్‌లో నానబెట్టడం ఫ్లోటుకూ రబ్బరు రింగులకూ విషం. పంక్చర్ షాపు గాలి పట్టిస్తే ఫ్లోటు, నీడిలు తీసేశాకే, కళ్లకు అద్దాలు పెట్టుకునే.

ఇప్పుడు పరీక్ష, కార్బొరేటర్ ఇంజిన్‌కు ఎక్కించకముందే. గిన్నె బిగించకుండా కార్బొరేటర్ తలకిందులుగా పట్టుకుని, పెట్రోల్ వచ్చే మూతికి శుభ్రమైన ట్యూబు తగిలించి మెల్లగా ఊదండి. ఫ్లోట్ తన బరువుకే నీడిల్‌ను మూస్తుంది, గాలి పోకూడదు. ఫ్లోట్‌ను వేలితో ఎత్తితే పోవాలి. ఇది నెగ్గాక గిన్నె బిగించి, పాత ప్లాస్టిక్ సీసాలో 200 మిల్లీలీటర్ల కొత్త పెట్రోల్ పోసి, ట్యూబుతో కలిపి ఒక అడుగు ఎత్తులో పట్టుకోండి. కార్బొరేటర్‌ను నిటారుగా పేపరు మీద పెట్టండి. గిన్నె నిండుతున్న చప్పుడు వినబడి ఆగిపోతుంది. పది నిమిషాల తర్వాత కూడా పేపరు మీద మచ్చ పడకూడదు. చేత్తో కొంచెం అటూ ఇటూ ఊపి ఇంకో ఐదు నిమిషాలు చూడండి, ఇంజిన్ మీద అదురు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

బిగించేటప్పుడు వరస తప్పొద్దు: ఇంజిన్, గ్యాస్కెట్, నల్లటి ఇన్సులేటర్ దిమ్మ, గ్యాస్కెట్, కార్బొరేటర్, మళ్లీ గ్యాస్కెట్, ఎయిర్ ఫిల్టర్. గ్యాస్కెట్ చిరిగితే అట్టముక్క కత్తిరించి వేసేవాళ్లున్నారు, వేయడం తప్పు కాదు కానీ ఫిల్టర్ వైపు కార్బొరేటర్ ముఖం మీదున్న చిన్న రంధ్రాన్ని అట్ట మూయకూడదు. గిన్నెకు గాలి పోయే దారి అదే. అది మూసుకుంటే ఇంజిన్ కాసేపు నడిచి ఆగుతుంది, మళ్లీ కాసేపు నడుస్తుంది, కారణం అంతుపట్టదు.

ట్యాంకును మాత్రం వదలొద్దు. రెండుసార్లు కొత్త పెట్రోల్ పోసి కుదిపి వంచేయండి, తుప్పు ఉంటే గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపండి, వేసినవి లెక్కపెట్టి తీయండి. కాక్ కింద చిన్న గిన్నె ఉంటుంది, అందులో చెత్త చేరుతుంది, దాన్నీ విప్పి తుడవాలి. పెట్రోల్ ట్యూబును మడిచి చూడండి, పగుళ్లు కనబడితే అదే లోపలి వ్యాసంతో కొత్తది వేయండి. పగిలిన ట్యూబు లోపల రాలే రబ్బరు పొడి చేరేది నీడిల్ దగ్గరికే.

ఆయిల్ మార్చకుండా ఇంజిన్ లేపడానికి తాడు లాగకండి. సుమారు 0.6 లీటరు 10డబ్ల్యూ-30 రకం ఆయిల్ పడుతుంది. మూత బిగించకుండా, ఊరికే ఆనించి మట్టం చూడాలి. పాత ఆయిల్‌లో పెట్రోల్ బాగా కలిసి ఉంటే మొదట పోసిన ఆయిల్‌తో లోడు లేకుండా పది నిమిషాలు నడిపి, దాన్నీ వేడిగా ఉన్నప్పుడే దించేసి మళ్లీ పోయండి.

ఇలా చేయనివాళ్లు ఒక చోట మోసపోతారు. కార్బొరేటర్ చక్కగా బాగయ్యాక కూడా ఇంజిన్ నల్ల పొగ వదులుతూ, ప్లగ్ నల్లబరుస్తూ ఉంటుంది. ఆయిల్‌లోని పెట్రోల్ వేడికి ఆవిరై, బ్రీదర్ గొట్టం (ఆయిల్ గదిలోని ఆవిరి బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వచ్చి, కార్బొరేటర్ ఇచ్చేదానికి తోడవుతుంది. మళ్లీ కార్బొరేటరే విప్పుతారు, అందులో ఏమీ ఉండదు.

స్టార్టింగ్‌కు కాక్ తెరిచి, చోక్ మూసి, థ్రాటిల్ మూడో వంతు తెరిచి, తాడు బిగువు తగిలేదాకా నిదానంగా లాగి, అక్కడినుంచి ఒక్క ఊపున లాగండి. నాలుగు లాగుళ్లలో పలకకపోతే చోక్ తెరిచి ప్రయత్నించండి, మూసి ఉంచి లాగుతూ పోతే మళ్లీ మొదటికి వస్తారు. సైలెన్సర్‌లో చేరిన పెట్రోల్ ఒకసారి ఢామ్మనొచ్చు, దాని ఎదురుగా నిలబడకండి. మొదటి రెండు మూడు నిమిషాలు పొగ సహజం. పంపు బెల్టు లోడు ఐదు నిమిషాల తర్వాతే.

ఇక మీ మెకానిక్ మాట. సీటు మీద గీత పడినా, బాడీని తెల్లటి పొడి గుంటలు పడేలా తిన్నా, చెవులు విరిగినా కార్బొరేటర్ మార్చడం సబబే. అప్పుడు కూడా ఇంజిన్ కవర్ మీది మోడల్ పేరు, పాత కార్బొరేటర్ రెండూ తీసుకుని చిత్తూరులోనో తిరుపతిలోనో పంపుసెట్ల స్పేర్లమ్మే అంగడికి పోండి. బోల్టులు సరిపోయినంత మాత్రాన జెట్టు సరిపోతుందనుకోవద్దు, జెట్టు మీద కొట్టిన నంబరు పాతదాంతో పోల్చండి.

పెట్రోల్‌తో లేచి కిరోసిన్‌తో నడిచే పాత పంపుసెట్‌కూ ఇదే వైద్యం, ఒక తేడా ఉంది. ఆపే ముందు కాక్‌ను పెట్రోల్‌కు తిప్పి గిన్నెలో కిరోసిన్ అయిపోయేదాకా నడపాలి. లేకపోతే మర్నాడు చల్లటి ఇంజిన్‌లోకి కిరోసిన్ పోతుంది, ప్లగ్ తడవడం తప్ప ఏమీ జరగదు. వీపున వేసుకునే టూ స్ట్రోక్ స్ప్రేయర్లలో, గడ్డి కోసే మిషన్లలో ఎక్కువగా ఫ్లోట్ లేని డయాఫ్రం కార్బొరేటరే ఉంటుంది. అక్కడ పెట్రోల్ కారితే గట్టిపడిన డయాఫ్రం పొర, దానికిందున్న మీట ఎత్తు, నీడిల్ కింది చెత్త, ఈ మూడూ చూడాలి. పొర పాత పాపడంలా కరకరలాడితే కిట్టు మార్చండి.

మార్చిలో మందు పని ముగిసిన రోజే ఇంకో పావుగంట వెచ్చించండి. ట్యాంకు దించేసి, కాక్ మూసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. గిన్నె బోల్టు విప్పి మిగిలిన చెంచాడు కూడా వదిలేయండి, నడిపి ఆపినంత మాత్రాన గిన్నె అడుగు ఖాళీ కాదు. ప్లగ్ విప్పి చెంచాడు ఇంజిన్ ఆయిల్, అంటే 5 మిల్లీలీటర్లు పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్ బిగించండి. చివరగా తాడును బిగువు తగిలేదాకా లాగి అక్కడే వదిలేయండి. ఆ స్థితిలో వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, తేమ సిలిండర్‌లోకి పోదు. పైన ప్లాస్టిక్ పట్ట చుట్టకండి, కింద చెమ్మ పడుతుంది. పాత గోనెసంచి కప్పండి, సైలెన్సర్ మూతికి మాత్రం గుడ్డ కుక్కి, అది తీయాలని గుర్తుండేలా కొస బయటికి వేలాడదీయండి.